బీడీకీ వంకాయకూ చుట్టరికం

తొంభైల మొదట్లో మేము మిర్యాలగూడలో, రైసుమిల్లుల వెనక కిరాయి ఇంట్లో ఉండేవాళ్ళం. మా ఆయన మిల్లులో హమాలీ. ఒక ఎండాకాలం ఆయనకు పచ్చకామెర్లు వచ్చాయి. దవాఖానలో మందులిచ్చి, దగ్గు కూడా ఉంది కాబట్టి బీడీ మానమన్నారు. మందులు వేసుకున్నాడు, బీడీ మానలేదు. కోదాడ వైపు పసరు పోసే పెద్దమనిషి దగ్గరికి కూడా తీసుకుపోయాను. ఆయన నూనె, మాంసం, వంకాయ వద్దన్నాడు. బీడీ సంగతి ఎత్తలేదు. ఎట్లా ఎత్తుతాడు, ఆయన నోట్లోనే చుట్ట ఉంది.

పథ్యం తప్పితే పసరు తిరగబడుతుందని మా ఆయనకు మహా భయం. వంకాయ ఉడికిన గిన్నెలో పప్పు కూడా వండనిచ్చేవాడు కాదు. బీడీ మాత్రం నడుస్తూనే ఉంది. పొద్దున లేస్తే దగ్గు. వడ్ల దుమ్ము ఒకపక్క, పొగ ఒకపక్క. ఈ మనిషి మళ్ళీ బస్తా ఎత్తుతాడా అని నాకు దిగులు.

మా బిడ్డ అప్పుడు ఇంటర్లో బైపీసీ. పైకి చదివితేగానీ ఆమెకు ఎక్కదు. ఒక సాయంత్రం నేను బియ్యం చెరుగుతుంటే, "సొలనేసి కుటుంబం: వంగ, టమాట, మిరప, ఆలుగడ్డ, పొగాకు" అని చదువుతోంది. నా చేట ఆగింది.

"ఏందే, పొగాకు అంటున్నవ్?"

"వంకాయ, పొగాకు ఒకటే కుటుంబమమ్మా. పువ్వును బట్టి జెప్తరు. రేకులు అయిదు, కింద అతుక్కొని ఉంటయ్."

నేను మునగాల దగ్గర మిరపతోటల్లో పెరిగినదాన్ని. వంకాయకు, టమాటకు, మిరపకాయకు నెత్తిన ఒకే తీరు ఆకుపచ్చ టోపీ ఉంటుందని నా వేళ్ళకు తెలుసు. చుట్టాలంటే నమ్మకేం?

ఆయన వాకిట్లో బీడీ ముట్టించబోతుంటే చెప్పాను. "వంకాయ పథ్యం గదా. నీ బీడీల ఉన్నది దాని చుట్టమే."

"నిజమేనా బిడ్డా?"

"కుటుంబమైతే ఒకటే బాపూ. గాని గుణం..."

"గుణం తర్వాత జెప్దువుగాని, పొయ్యి మీద చారు సూడుపో" అని బిడ్డను లోపలికి పంపాను.

ఆయన చేతిలోని బీడీని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మరి పైన సుట్టింది తునికాకు గదా. లోపలిది దులిపేసి ఉత్త ఆకు తాగుత." తాగాడు కూడా. ఒక్క దమ్ముకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది పారేసి నా మీదికి మళ్ళాడు. "అట్లయితే మిరపకాయ గూడ బందే. నువ్వు గూడ తినొద్దు. నేనొక్కన్నే సావాల్నా?"

పచ్చిమిరపకాయ కొరకనిదే నాకు ముద్ద దిగదు. అయినా "బంద్" అన్నాను. ఇంట్లో ఇక బీర, సొర, పెసరపప్పు, మిరియాల చారు. కంచం ముందు కూర్చుని మా బిడ్డ, "పైకి సదివి తప్పు జేసిన" అని నెత్తి కొట్టుకునేది. నేను చాటుగా ఆయన చొక్కా వాసన చూసేదాన్ని. చెమట వాసన తప్ప ఏమీ లేదు.

కామెర్లు పోయాక పెద్దమనిషి అన్నీ తినొచ్చన్నాడు. వంకాయ కూర వండాను. మా ఆయన తిని, చెయ్యి కడిగి, "వంకాయ వచ్చిందంటే బీడీ గూడ వచ్చినట్టే గదా" అన్నాడు. నేను చెప్పిన చుట్టరికమే, కాదనలేను.

"అందర్ని ఒక్కపూటే పిలుస్తవా? ఇప్పుడిప్పుడే లేసినవ్. ఒక్కొక్కలను రానియ్యి. రేపు మిరపకాయ, ఎనక టమాట, ఆ ఎనక ఆలుగడ్డ."

"బీడీ?"

"అది దూరపు చుట్టం. ఆఖరుకు."

నవ్వాడు గానీ ఒప్పుకున్నాడు. ఆలుగడ్డ వండడం నేను జరుపుతూ పోయాను. మెత్తబడ్డాయనో, మొలకలొచ్చాయనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. వానలు పడ్డాక ఒకరోజు ఆయనే సంచెడు కొనుక్కొచ్చి నా ముందు కుమ్మరించాడు. వండక తప్పలేదు. తినగానే వాకిట్లోకి పోయి బీడీ ముట్టించాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. రెండు దమ్ములు లాగి, మొహం అదోలా పెట్టి, ఉమ్మేసి, కాలితో నలిపాడు.

"ఆలుగడ్డే నయముండె" అన్నాడు.

మిల్లు దగ్గర తోటివాళ్ళు ఇస్తే ఎప్పుడన్నా తాగేవాడు. ఇంట్లోకి మాత్రం కట్ట రాలేదు. పొద్దున ఆయన దగ్గుకు కాకుండా పాలాయన సైకిలు బెల్లుకు లేవడం నాకు అలవాటైంది.