ఊపిరికి ఇరవై అడుగుల పైపు

1988 చలికాలం. సిద్దిపేటలో బస్టాండుకు దగ్గరి సందులో నాకొక చిన్న దుకాణం ఉండేది. కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేయడం, అంటే మాడిన రాగితీగ తీసేసి కొత్తది చుట్టడం, పంపుసెట్లు బాగుచేయడం, బాయిల్లోకి పైపులు దించడం నా పని. ఏడో తరగతితో బడి మానేశాను. అయితే సాయంత్రం దుకాణం మూశాక లైబ్రరీకి పోని రోజులు తక్కువ. అక్కడ నాకు నచ్చిన తెలుగు పుస్తకాలు అయిపోయాక, నిఘంటువు పక్కన పెట్టుకొని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ఈ సంగతి గొప్పకే చెబుతున్నాను.

పైపు కోసం వచ్చేవాళ్ళు బాయి ఎంత లోతో, మోటారు ఎన్ని హార్స్‌పవర్లో చెబుతారు. ఆ రోజు వచ్చిన మనిషి మాత్రం వింతగా అడిగాడు.

"మేస్త్రీ, ఇరవై అడుగుల రబ్బరు పైపు గావాలె. సన్నది. నోట్లె వట్టేటట్టుండాలె."

ఆయన పేరు నరహరి. హుస్నాబాద్ వైపు పనులు పట్టే కంట్రాక్టరు. ఆయన వెనుక, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని ఇంకొకాయన నిలబడ్డాడు. ఎల్లయ్య, చేపలు పట్టే మనిషి.

"నోట్లె ఎందుకు పటేలా?"

"నీళ్లల్ల ఊపిరి వీల్చనీకి. గీడు దిగుతడు," అన్నాడు నరహరి, వెనక్కి చూడకుండా బొటనవేలితో ఎల్లయ్యను చూపిస్తూ.

సంగతేమిటంటే, ఎల్లయ్య వాళ్ళ ఊరి చెరువులో చేపలకు ఆసరాగా సిమెంటు ఒరలు దించే పని నరహరి పట్టాడు. ఒరలంటే బాయి కూలకుండా లోపల వేసే గుండ్రటి కట్లు. వాటికి పక్కల బొక్కలు పెట్టి, చెరువు అడుగున ఎడమెడంగా నిలబెడితే చేపలు వాటిలో దాక్కుంటాయి, గుడ్లు పెడతాయి. ఊళ్ళో వాటిని 'చాపలిండ్లు' అన్నారు. నేను లైబ్రరీలో సముద్రం మీది ఒక బొమ్మల పుస్తకంలో చదివాను, దీన్నే ఆర్టిఫిషియల్ రీఫ్ అంటారు. రాళ్ళో పాత పడవలో ముంచితే వాటికి నాచు పడుతుంది. నాచు కోసం చిన్న చేప, చిన్న చేప కోసం పెద్ద చేప వస్తాయి. ఒడ్డు నుంచి నడిచిపోయి, నీటిలో ముఖం పెట్టి వాటిని చూసేవాళ్ళ బొమ్మలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయి.

మంచి పనే. కాని ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు చేయాల్సిన పనిని నరహరి వానలు పడి చెరువు నిండినాక చేశాడు. అదెట్లా? కట్ట మీదికి ట్రాక్టరు తెచ్చి, ఒరలన్నీ నీళ్ళలోకి గుమ్మరించాడు. అవి దొర్లి, ఒడ్డుకు కొంచెం దూరంలో నిలువున్నర లోతులో ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇప్పుడు తనిఖీకి సర్కారు సారు వస్తున్నాడు. ఎల్లయ్య నీటి అడుగున ఉండి, గడ్డపారతో వాటిని విడదీసి నిలబెట్టాలట.

"ఎండకాలం దాక ఆగరాదా? నీళ్లు తగ్గినంక ఎడ్లబండి గట్టుకొని పోయి నిలవెట్టొచ్చు," అన్నాను.

"సారు వచ్చే వారం వస్తుండు. నువ్వు పోయి ఆగుమని జెప్తవా?"

నేను నా పని భాషలోనే చెప్పాను. పంపుకు సక్షన్ అని ఒకటుంటుంది, అంటే కిందినుంచి పైకి గుంజుకునే శక్తి. దానికొక హద్దు ఉంది. ఆ హద్దు దాటితే ఎంత మంచి మోటారైనా వట్టిగా తిరుగుతుంది. మనిషి రొమ్ము కూడా ఒక పంపే, చాలా బలహీనమైన పంపు. నీటిలోపల రొమ్ము మీద నీటి బరువు పడుతుంది. పైనున్న గాలికి ఆ బరువుండదు. ఛాతీలోతు కిందికి పోతే చాలు, ఎంత గుంజినా గాలి రాదు. పైగా పొడుగు పైపులో తాను వదిలిన చెడ్డ గాలే మళ్ళీ తన నోట్లోకి వస్తుంది. పుస్తకంలోని ఈతగాళ్ళ నోట్లో ఉన్నది స్నార్కెల్, మూరెడు గొట్టం. నీటిపైన బోర్లా తేలుతూ దానితో ఊపిరి పీలుస్తారు. కిందికి మునిగేటప్పుడు ఊపిరి బిగబట్టే మునుగుతారు.

నరహరి ఓపిగ్గా విన్నాడు. విని నవ్వాడు.

"గంగపుత్రునికి నీళ్లు నేర్పుతవా మేస్త్రీ? వానికి అలవాటే."

"అట్లయితే ముందుగాల మీరొకసారి ఛాతీలోతు నీళ్లల్ల కూసోని పైపుతోటి పీల్చి చూడుండ్రి."

"నాకేడ అలవాటు?" అన్నాడు. ఆ మాటలో సిగ్గు లేదు, కోపం లేదు. నిజంగానే అట్లా అనుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. పైపు అమ్మనన్నాను. ఆయన చెప్పులు వేసుకొని ఎదురు దుకాణానికి నడిచాడు. పైపులు అమ్మేది నేనొక్కణ్ణే కాదు కదా.

ఎల్లయ్య ఒక్క క్షణం ఆగాడు. "ఎల్లన్నా, దిగకు," అన్నాను. "ఏం గాదు మేస్త్రీ, అలవాటే," అని ఆయన వెనకే పోయాడు.

ఆ రోజు నుంచి చేతిలో పని పక్కన పెట్టి కూర్చున్నాను. లారీ ట్యూబు ముక్క కోసి, గుండ్రటి అద్దం బిగించి, ముఖానికి తొడుగు తయారుచేశాను. మూరెడు గొట్టాన్ని వేడిచేసి వంచాను. ఇంట్లో నీళ్ళ గోలెంలో ముఖం పెట్టి చూస్తుంటే నా భార్య, "ముఖం కడుగుతున్నవా, పానం దీసుకుంటున్నవా?" అని అరిచింది. గాలి చక్కగా వచ్చింది, నీరు లోపలికి రాలేదు. ఎట్లాగూ దిగుతాడు, కనీసం ఇదైనా ఇద్దామని ఆదివారం పొద్దున బస్సెక్కాను.

నేను పోయేసరికే ఎల్లయ్య నీటిలో ఉన్నాడు. కట్ట మీద నరహరి గొడుగు కింద నిలబడ్డాడు. గాలి నింపి నీటి మీద వదిలిన ట్యూబుకు పైపు పైకొస కట్టి ఉంది. ఎల్లయ్య భార్య బాలమణి మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, ఆయన నడుముకు కట్టిన తాడు కొస చేతికి చుట్టుకొని ఉంది.

"పైపు ఊడిపోకుంట మూతికి బట్ట గట్టిన్రన్నా. పైకి తేలకుంట నడుముకు రాయి గట్టిన్రు," అంది.

"ఎంతసేపాయె చెల్లె?"

అంతలోనే పైపు కొసనుంచి గుర్రుమని ఒక చప్పుడు వచ్చింది. పంపు గాలి పీల్చుకున్నప్పుడు వచ్చే చప్పుడే. ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

"గుంజు!" అన్నాను. ఇద్దరం తాడు గుంజాం. నరహరి పైనుంచి, "ఇంక ఒక్కటి గూడ నిలవెట్టలే, అప్పుడే ఎందుకు గుంజుతున్రు?" అన్నాడు. ఈ మాట నేను కల్పించలేదు. ఇన్నేళ్ళయినా అది నా చెవిలో అట్లనే ఉంది.

ఎల్లయ్యను ఒడ్డుకు తెచ్చి మూతికున్న బట్ట కోసేస్తే, నోటినుంచి ఎర్రటి నురగ వచ్చింది. బోర్లించి వీపు తట్టాం. చాలాసేపటికి దగ్గాడు. ఒరలు దించిన ట్రాక్టరులోనే దవాఖానకు తీసుకుపోవడానికి ఎక్కిస్తుంటే నరహరి దగ్గరికొచ్చాడు.

"ఏందిరా ఎల్లిగా, గిట్ల జేస్తివి? అలవాటున్నోనివేనాయె!"

ఎల్లయ్య కళ్ళు తెరిచాడు. "రేపు దిగుత పటేలా," అన్నాడు. "అలవాటే."

బాలమణి లేచింది. ఆమె అరుస్తుందనుకున్నాను. మెల్లగానే అడిగింది.

"నీళ్లు అలవాటైతే సావు గూడ అలవాటైతదా? ఎన్నిసార్లు సస్తే అలవాటైతది, జెప్పు పటేలా."

నరహరి గొడుగు మడిచి వెళ్ళిపోయాడు. సారు తనిఖీకి వచ్చాడట. కట్ట మీద నిలబడి నీళ్ళను చూశాడట. నీళ్ళు బాగున్నాయట. పోయాడట.

ఎండాకాలం వచ్చింది, చెరువు వెనక్కి తగ్గింది. ఒరలు బురదలో పళ్ళు రాలినట్టు బయటపడ్డాయి. ఊరివాళ్ళే రెండు బండ్లు, నాలుగు గడ్డపారలు తీసుకుపోయి వాటిని నిలబెట్టారు. ఒక్క పూట పని. ఎల్లయ్య గట్టున కూర్చుని ఎక్కడెక్కడ పెట్టాలో చెప్పాడు. గడ్డపార పట్టుకోలేదు. నాలుగు అడుగులు వడిగా వేస్తే ఆయనకు ఆయాసం వచ్చేది.

మళ్ళీ చలికాలం నాటికి నీళ్ళు తేరుకున్నాయి. నేను చేసిన అద్దం, మూరెడు గొట్టం పట్టుకొని నేనూ బాలమణీ ఒడ్డునుంచి నడుచుకుంటూ పోయాం. ఆమె కొంగు దోపుకొని ముందు తాను చూస్తానంది. నడుములోతులో వంగి ముఖం పెట్టి, ట్యూబు పట్టుకొని తేలుతూ ఒరల దాకా పోయింది. తిరిగొచ్చి, "మస్తున్నయి. బొక్కలల్ల జొస్తున్నయి, వస్తున్నయి," అంది. ఆ తర్వాత నేను చూశాను. పచ్చటి నాచు మీద ఎండ కదులుతోంది. బొచ్చె చేపపిల్లలు గుంపుగా ఒక ఒరలోంచి ఇంకో ఒరలోకి పోతున్నాయి. పుస్తకంలో చూసినదానికన్నా బాగుంది. అంత బాగున్నందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

కొన్నేళ్ళ తర్వాత నరహరి మళ్ళీ నా దుకాణానికి వచ్చాడు. ఆయన బాయిలో మోటారు జారి పడింది. పోయి చూస్తే బాయి నిండుగా ఉంది.

"దిగు మేస్త్రీ," అన్నాడు నవ్వుతూ. "నీకు అలవాటే గద."

ఆయనకు ఏమీ గుర్తులేదు. అది ఆయన ముఖంలోనే తెలుస్తోంది.

"ముందుగాల నీళ్లు తోడిపించు పటేలా. నీళ్లు దిగినంక నేను దిగుత."

"రెండు దినాలైతది గదనే!"

"కానియ్."

గొణుక్కుంటూ కిరాయికి ఇంకో మోటారు తెచ్చి పెట్టించాడు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇదే. మనిషిని దించే ముందు నీళ్ళను దించే వీలుందేమో అడగాలి. దాదాపు ఎప్పుడూ ఉంటుంది. బాయి మెట్లు ఒక్కొక్కటే బయటపడేదాకా గట్టు మీద కూర్చున్నాను. నరహరి కూడా నా పక్కనే కూర్చున్నాడు, రెండు రోజులు.

ఎల్లయ్య కోసం ఎవరూ అట్లా కూర్చోలేదు.