కొల్లేరు దాటేంత కథ

మా చిన్నది పొద్దున్నే పక్క తడిపింది. దాని కింద వేసిన తుంగచాపను బాల్కనీలోకి తీసుకెళ్ళి రెండు చెంబుల నీళ్ళు పోసి కడుగుతుంటే, తడిసిన తుంగలోంచి ఒక పచ్చి వాసన లేచింది. నీటి అడుగు బురద, ఎండిన గడ్డి, ఎక్కడో దూరంగా చేప, మూడూ కలిసిన ఆ వాసన ఏలూరులోని మా మూడో అంతస్తు వాటా అంతా నిండిపోయింది. నేను చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన పుట్టే చోటికి చిన్నప్పుడు ఏటా దసరా సెలవులకు పడవలో వెళ్ళేదాన్ని.

అంతకు ముందు రోజే ఎడిటరుగారు ఫోన్ చేశారు. పాప నిద్రపోయాక కూర్చుని రాస్తున్న నా మొదటి నవల ఒక వారపత్రికలో సీరియల్‌గా వస్తోంది. ఇరవై వారాలు రాస్తానని ఒప్పుకున్నాను. "మీరు పంపిన తొమ్మిదో భాగంతో కథంతా అయిపోయింది కదండీ," అన్నారాయన, కోపం లేకుండానే. "మిగతా పదకొండు వారాల్లో ఏం జరుగుతుందో సోమవారంలోగా ఓ పేజీ రాసి పంపండి. కుదరకపోతే తొమ్మిదితో ఆపేసి వేరేవాళ్ళది మొదలుపెడతాం." అలాగేనండీ అన్నాను గానీ, కాగితం ముందు కూర్చుంటే ఒక్క వాక్యం రాలేదు. ఇన్నాళ్ళూ చిన్న కథలు రాసిన చెయ్యి నాది. పెద్ద కథ నాకు చేతకాదేమో, ఆ సంగతి ఇప్పుడు అందరికీ తెలిసిపోతుందేమో అని భయం పట్టుకుంది.

మేం అప్పట్లో తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. అమ్మ అక్కడ బడిలో టీచరు. మా పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ళ అక్క, కొల్లేటి మధ్యన ఒక లంక ఊళ్ళో ఉండేది. సెలవులివ్వగానే అమ్మ నన్ను తీసుకుని భీమవరం మీదుగా ఆకివీడు బస్సెక్కేది. అక్కణ్ణుంచి రేవు చేరేసరికి పెద్దమ్మ మా కోసం పడవతో సహా ఎదురుచూస్తూ ఉండేది. వానలు వెనకబట్టి కొల్లేరు నిండుగా ఉండే రోజులు. ఆకాశం ఎక్కడ ఆగిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేది కాదు. గుర్రపుడెక్క ఊదారంగు పూలతో మైళ్ళకొద్దీ పరుచుకుని, పడవ ముక్కు తగిలిన చోట మెల్లగా విడిపోయి, వెనక మళ్ళీ కలిసిపోయేది. కిక్కిస గడ్డి దుబ్బుల్లోంచి కొంగలు తెల్లగా లేచేవి. గూడబాతులు మమ్మల్ని చూసి కూడా చూడనట్టు పక్కనుంచే ఈదుకుంటూ పోయేవి. పడవలో మాతోపాటు కిరసనాయిలు డబ్బాలు, తమలపాకుల బుట్టలు, ఒక్కోసారి ఓ మేక. పెద్దమ్మ తెచ్చిన మినపసున్ని చేతికి నెయ్యి అంటుతూ ఉండగానే నోట్లో కరిగిపోయేది. ఆ నెయ్యి వాసనా తుంగ వాసనా కలిస్తే నా మటుకు నాకు అదే దసరా.

పడవ వీర్రాజు బాబాయిది. మాకు చుట్టం కాదు. ఆ ఊళ్ళో అందరికీ ఆయన బాబాయే. పొడుగ్గా, బక్కగా, తలకు తువ్వాలు చుట్టుకుని ఉండేవాడు. పడవ కదలగానే కథ మొదలుపెట్టేవాడు. పొడవాటి వెదురు గెడ నీళ్ళలో దించి, అది అడుగు తగిలేదాకా మాట్లాడేవాడు కాదు. తగిలాక దాన్ని భుజానికి ఆనించి తోస్తూ, పడవ అంచు మీద ముందునుంచి వెనక్కి నడిచేంతసేపూ ఒకటే వాక్యం. గెడ పైకి లాగి మళ్ళీ ముందుకి వచ్చేటప్పుడు మౌనం. ఆ మౌనంలో మేమంతా "ఊఁ" అనాలి. మా ఊఁ వినపడితేనే గెడ మళ్ళీ దిగేది. మేం ఊఁ కొట్టడం వల్లే పడవ నడుస్తోందని చాలా ఏళ్ళు నిజంగానే నమ్మాను.

నన్ను నోరు వెళ్ళబెట్టేలా చేసింది ఇంకొకటి. మామూలు రోజున గంటన్నర ప్రయాణం. ఎదురుగాలి ఉంటే రెండున్నర గంటలు. ఎప్పుడైనా సరే, పడవ ముక్కు అవతలి ఒడ్డు బురదలో కసుక్కున దిగబడే వేళకే కథ ముగిసేది. గాలి ఎదురు తిరిగితే కథలో రెండు అడవులు ఎక్కువ వచ్చేవి, ఓ పెళ్ళి తప్పిపోయేది, తోడికోడళ్ళు దెబ్బలాడుకునేవారు. కానీ ఏది ఉన్న కథో, ఏది గాలికి చేర్చిన కథో ఎంత చెవి పెట్టి విన్నా నాకు తెలిసేది కాదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి బాబాయికి జలుబు చేసి గొంతు పోయింది. నేను చెప్తానన్నాను. బడిలో కథల పోటీలో బహుమతి వచ్చిన గర్వం ఉంది నాకు. రాజకుమారుణ్ణి గుర్రం ఎక్కించాను, రాక్షసుణ్ణి చంపించాను, రాజకుమారితో పెళ్ళి చేయించాను. వెనక్కి తిరిగి చూస్తే మేం ఎక్కిన రేవు ఇంకా కనిపిస్తూనే ఉంది.

పెద్దమ్మ నా వంక చూసి, చుట్టూ నీళ్ళ వంక చూసింది. "ఏమే, కథ అయిపోయింది, కొల్లేరు మిగిలిపోయింది. ఇప్పుడేం చేద్దామంటావ్?"

"ఈదుకుంటూ పోదాం," అంది అమ్మ. పడవంతా నవ్వింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పుడు బాబాయి గెడ దించి, పోయిన గొంతుతో గుసగుసగా అడిగాడు. "పెళ్ళిలో ఏం కూర వండారమ్మా?"

"పనసపొట్టు కూర," అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

"పొట్టు ఎవరు కొట్టారు?"

"వంటాయన."

"చెయ్యి తెగిందా?"

నేను ఆలోచించాను. "తెగింది."

"అయ్యో, మరి పెళ్ళిలో ఎవరికీ చెప్పలేదా ఆయన?"

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో వెతుక్కుంటూ వెళితే వంటాయనకు ఒక కూతురు దొరికింది, ఆ కూతురికి ఇంతకుముందు రాజకుమారుడు ఇచ్చిన మాట ఒకటి దొరికింది. ఎక్కడివో తెలియని మనుషులు ఒక్కొక్కరే పడవలోకి ఎక్కసాగారు. బాబాయి తొయ్యడం, నేను చెప్పడం, అందరూ ఊఁ అనడం. ఒడ్డు తగిలేసరికి కథ ఇంకా మిగిలే ఉంది. పెద్దమ్మ సామాను దించకుండా, "తరవాత?" అంది. ఈ లోకంలో నాకు ఇంతవరకు దొరికిన బహుమతుల్లో అంతకు మించింది లేదు.

చాప ఆరేశాక పెద్దమ్మకు ఫోన్ చేశాను. బాబాయి ఇప్పుడు వాళ్ళ ఇంటి పక్క చేపల చెరువుకు కాపలా ఉంటున్నాడట. పిలిచి ఫోన్ ఇచ్చింది. అన్ని కథలు ఎలా గుర్తుంచుకున్నావు బాబాయ్ అని అడిగాను.

"నాకు ఒక్క కథా రాదమ్మా," అన్నాడాయన. "మీరు ఊఁ అనేటప్పుడు మీ మొహాలు చూసేవోణ్ణి. మీ పెద్దమ్మకి ఏడుపు కావాలి, మీ అమ్మకి పెళ్ళి కావాలి, నీకు దెయ్యం కావాలి. అందులోంచి ఓ మాట అందుకునేవోణ్ణి."

"మరి ఒడ్డు రాకముందే అయిపోతుందేమోనని భయం వేసేది కాదా?"

"ఎందుకెయ్యదు? రోజూ ఏసేది. గెడ దింపుతానా, అడుగు తగిలేదాకా ఏసేది."

ఇప్పుడు ఆ ఊరికి రోడ్డు పడింది. చేపల లారీలు పోయే ఆ రోడ్డు మీద ఆటోలో పావుగంట. అటూ ఇటూ చెరువుల గట్లే తప్ప, ఆకాశంతో కలిసిపోయిన ఆ నీరు కనిపించదు. రేవు పూడిపోయింది. బాబాయి పడవను ఎప్పుడో వంటచెరుకు కింద కొట్టేశారట. పావుగంట దారికి కథ ఎవరికి కావాలి?

సోమవారం ఎడిటరుగారికి నేనే ఫోన్ చేశాను. "పదకొండు వారాల్లో ఏం జరుగుతుందో నాకు తెలియదండీ. పదో భాగం మాత్రం రాశాను, పంపుతున్నాను. పాఠకుల ఉత్తరాలు ఏవైనా ఉంటే కాస్త పంపించండి, చూసి తరవాతది రాస్తాను."

"ఉత్తరాలా?" ఆయన నవ్వారు. "ఇప్పుడు ఉత్తరాలెవరు రాస్తున్నారండీ. వాట్సాప్‌లో నాలుగు ముక్కలొచ్చాయి, అవి పంపుతాను. పదోది చదివాక మాట్లాడదాం."

సాయంత్రానికి మళ్ళీ చేశారు. పదోది వేస్తాం, ఇక వారం వారం చూసుకుందామండీ అన్నారు. ఆయన పంపిన వాటిలో మూడు, బాగుంది అన్న మాటలే. నాలుగోది చింతలపూడి నుంచి ఎవరో ఆవిడ రాసింది. "మూడో వారంలో వెనక వాటాలో ఒక ముసలాయన కనిపిస్తాడు కదండీ, ఆయన ఎవరితోనూ ఎందుకు మాట్లాడడు?"

ఆ వాటా ఖాళీగా ఉంటే బాగుండదని నేను పెట్టిన మనిషి ఆయన. ఆయనకు నేను పేరు కూడా పెట్టలేదు. ఎందుకు మాట్లాడడో నాకూ తెలియదు. పదకొండో భాగం ఆయన గుమ్మం ముందు మొదలుపెట్టాను.