కంపాస్ పట్టుకున్నది మా అమ్మాయి

ఎనభైల మొదట్లో మేం హెర్న్‌డన్ అనే ఊళ్ళో ఉండగా, మా అమ్మాయి చదివే అయిదో క్లాసు పిల్లలను స్కూలువాళ్ళు అడవిలో క్యాంపింగ్‌కి తీసుకెళ్ళారు. తోడుగా కొందరు తల్లిదండ్రులను రమ్మంటే నేనూ వెళ్ళాను. ఎలుగుబంట్లు తిరిగే కీకారణ్యమని తరవాత చాలా ఇళ్ళలో చెప్పాను. నిజానికి నేనక్కడ చూసిన అతి పెద్ద జంతువు ఉడత. రోడ్డు మీద కార్ల చప్పుడు వినబడుతూనే ఉండేది.

రెండో రోజు పొద్దున పిల్లలకు ఒక ఆట పెట్టారు. దిక్కులు చూపే కంపాస్ చూసుకుంటూ, చెట్లకు కట్టిన నారింజరంగు గుడ్డలను వెతుక్కుంటూ టెంట్ల దగ్గరికి తిరిగి రావాలి. మా జట్టుకు లీడరు మా అమ్మాయి. క్లాసులో దాన్ని ఎవరైనా దేనికైనా ముందు నిలబెట్టడం అదే మొదటిసారి. వారం నుంచి దానికి తిండి సయించలేదు. టీచరమ్మ నాకో షరతు పెట్టింది: పిల్లలు తప్పుదారి పట్టినా, అడిగినా, పెద్దవాళ్ళు నోరు విప్పకూడదు. నాకది బుర్రకెక్కలేదు. తప్పుతుంటే చెప్పకపోతే ఇక పెద్దవాడు వెంట ఉండటం దేనికి?

వాగు దగ్గర దారి రెండుగా చీలింది. మా అమ్మాయి కంపాస్ చూసి, ఎడమవైపు వేలు చూపి, నా మొహం చూసింది. నేను చిరునవ్వుతో ఆకాశం చూశాను. ఎడమకే నడిపించింది. గంటసేపు బురద తొక్కినా గుడ్డ కనబడలేదు. వెంట ఉన్నవాళ్ళలో ఒకడు, దీన్ని లీడర్ చేసిందెవరని గొణిగాడు. చివరికి తనే మమ్మల్ని వెనక్కి తిప్పి, మిగతా జట్లన్నిటికంటే ఆఖర్న టెంట్లకు చేర్చింది.

బూట్లు విప్పుకుంటూ అడిగింది. "డాడీ, నీకు తెలుసు కదా. తెలిసీ చెప్పలేదా?"

తెలుసంటే దుర్మార్గుణ్ణి. తెలియదందామా అంటే, నాకు తెలియనిది ఒకటుందని దానికి అప్పటిదాకా తెలియదు. "తెలుసమ్మా. రూల్ కదా మరి," అన్నాను.

అది మొహం తిప్పుకుంది. శాండ్‌విచ్ ముట్టలేదు. చూసి చూసి ఒప్పుకున్నాను. "నాకూ తెలీదే తల్లీ. నేనైనా ఎడమకే పోయేవాణ్ణి."

"మరి ఎందుకు స్మైల్ చేశావ్? ఓకే అంటున్నావనుకుని నేను వెళ్ళా."

అంటే నేను రూలు పాటించినట్టా, తప్పినట్టా?

మధ్యాహ్నం మరో విడత ఆటకు బయల్దేరుతూ నాతో అంది: "డాడీ, నువ్వు లాస్ట్‌లో నడువు. నీ ఫేస్ నాకు కనబడొద్దు."

అందరికంటే వెనక నడిచాను. చెట్ల మధ్య దాని జడ కనబడినంతసేపు చూస్తూ నడిచాను. ఆ తరవాత మాటలు వినబడిన దిక్కుకు నడిచాను.