ఎద్దు పెట్టెకు గాలి చిల్లులు

ఈ అరబ్బు దేశంలో, ఘాలా అనే పేటలో మా వడ్రంగి షెడ్డు ముందు ఆ అమెరికన్ పెద్దావిడ కారు దిగిన రోజు నాకు ఒళ్లంతా చిరాకే. వారమంతా జాతి మేకల్ని విమానంలో పంపే పెట్టెలు చేసి చేసి నడుము పడిపోయింది. ఇప్పుడు తను వేసిన ఒక రంగుల బొమ్మకి పెట్టె కావాలట!

బొమ్మ మీది గుడ్డ తీసింది. పక్క ఊరు బర్కాలో ఎద్దులు కొమ్ములు కలిపే ఆటకి తెచ్చిన గోధుమరంగు ఎద్దు. తడి ముట్టె, దుమ్ము పట్టిన గంగడోలు. మనిషి చెయ్యి ఇంత పని చేస్తుందా అనుకున్నాను.

నేను కొలతలు తీస్తుంటే స్టూలు మీద కూర్చుని, నాకర్థమయ్యేలా నెమ్మదిగా ఇంగ్లీషులో తన సంగతులు చెప్పింది. తండ్రికి పాడి ఉండేదట. కొట్టం గోడ మీద బొగ్గుతో ఆవుల్ని గీసి తన్నులు తిందట. పెద్దయ్యాక దాణా కొట్లకి బోర్డులు రాసింది. అమ్మేసే ముందు తమ ఆవు బొమ్మ వేయించుకోవాలని రైతులు పిలిస్తే, పేడ వాసనలోనే కూర్చుని వేసేది. పశువుల బొమ్మలేంటని పట్నం చిత్రకారులు నవ్వారట. జుట్టు నెరిశాక మ్యూజియంలు కొన్నాయి. ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. ఇదే ఆఖరి బొమ్మ, ఇందులో ప్రాణం లేదు, అందుకే సంతకం పెట్టలేదు అంది. రేపు పొద్దున కూడా అలాగే అనిపిస్తే చించేస్తుందట. బ్రహ్మాండంగా ఉందని నేనెంత మొత్తుకున్నా, అందరూ మర్యాదకి అదే అంటారని కొట్టిపారేసింది.

నాతో పనిచేసే జగిత్యాల అతనికి ఇంగ్లీషు రాదు. ఈ గొడవేదీ తెలియకుండా, బొమ్మని ఎదురుగా పెట్టుకుని సాయంత్రానికి పెట్టె బిగించాడు.

మర్నాడు పొద్దున ఆవిడ వచ్చి నిలబడింది. చూస్తే పెట్టె పక్క చెక్క నిండా వరసగా చిల్లులు, అచ్చం మేకల పెట్టెకి పెట్టినట్టే! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తేమ లోపలికెళ్తే బొమ్మ గతేంటి? బుద్ధుందా నీకు అని అరిచాను.

“ఏం జెయ్యాలె అన్నా, అది నన్నే జూస్తున్నది. దానికి ఊపిరాడొద్దా?” అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

అతనేమన్నాడని ఆవిడ అడిగింది. చెప్పాను. మళ్లీ చెప్పమంది. మళ్లీ చెప్పాను. ఒక చిల్లులో వేలు పెట్టి చూసింది. కళ్లు నిండాయి. తర్వాత సంచిలోంచి కుంచె, రంగు తీసి, వణికే చేతిని రెండో చేత్తో పట్టుకుని, బొమ్మ మూలన సంతకం పెట్టింది. నా జన్మలో అంత నెమ్మదైన సంతకం చూడలేదు.

కొత్త చెక్క వేస్తామన్నాను. సరేనంది. చిల్లుల చెక్కని మాత్రం తన కారులో పెట్టించుకుని వెళ్లింది.