మొదటి రాయి ముక్క

మార్టూరు పాలిషింగ్ యూనిట్లో నా పని పలకల షేడ్ చూడటం. ఒక ఆర్డరుకి వెళ్లే గ్రానైటు పలకలన్నీ ఒకే రంగులో ఉన్నాయో లేదో తేల్చి, ఉన్నవాటి మీద సుద్దముక్కతో టిక్కు పెట్టాలి. ఆ పని ఇప్పించింది నాన్న. ఆయన అక్కడే ఇరవై ఏళ్లు అదే పని చేసి, దుమ్ముకి ఊపిరితిత్తులు పాడై మానేశాడు. "మా అమ్మాయి కన్ను తప్పదండీ" అని ఓనరు దగ్గరా, ఊళ్లోనూ, చర్చిలోనూ చెప్పుకున్నాడు. ఆ మాట వింటే నాకు గర్వం కన్నా భయమే ఎక్కువ వేసేది.

పద్ధతీ ఆయనే నేర్పాడు. మొదటి పలకలోంచి కోసిన చిన్న ముక్క చేత్తో పట్టుకో. ప్రతి పలకనీ అసలు రంగు బయటపడేలా తడిపి, దాని మీద ముక్క పెట్టి చూడు. తేడా కనిపించిన చోట ఆగిపో, మిగతావి చూడక్కర్లేదు, ఆ లాటు ఆపేయాల్సిందే.

నాకేమో తొందర. ముక్క పట్టుకుని తిరగడం చాదస్తమనిపించింది. పలకలు గోడకి వరసగా ఆనించే ఉంటాయి కదా, ఒక్కోదాన్ని దాని పక్కదానితో చూసుకుంటూ పోతే సరిపోదా? మా ఊరి చర్చిలో నేలకి వెళ్లే నలభై పలకలూ అలాగే చూశాను. రెండోది మొదటిదానిలా ఉంది, మూడోది రెండోదానిలా ఉంది. గబగబా నలభై టిక్కులూ పెట్టేశాను. ముక్కని ఇంటికి తెచ్చి కిటికీలో పడేశాను.

శనివారం మధ్యాహ్నం, మా ఊరే కదా అని లారీ వెనకాలే బండి మీద వెళ్లాను. కూలీలు అన్నీ దించి, చివరి పలకని తెచ్చి మొదటిదాని పక్కన ఆనించారు. మొదటిది కారుమబ్బు రంగు, చివరిది బూడిద. పక్కపక్కన కంటికి ఆనని తేడా, రాయి రాయికీ కొంచెం కొంచెం పెరిగి ఇంతయింది.

నా కంటికి తెలిసింది గానీ, పైన దుమ్ముండటంతో నేల వేసే మేస్త్రీ ఇంకా గమనించలేదు. సోమవారం పొద్దున్నే సిమెంటు కలుపుతారు. చెబితే ఉద్యోగం పోతుంది, నాన్న తలెత్తుకోలేడు. చెప్పకపోతే ప్రతి ఆదివారం ఆ నేల మీదే కూర్చోవాలి. దేవుడా, వీటిని ఎవరూ తడపకుండా చూడు అని ప్రార్థించాను. చర్చి వాకిట్లో నిలబడి అలా అడిగినందుకు ఇప్పటికీ సిగ్గే.

అప్పుడే నాన్న వచ్చాడు. ఒక చేతిలో తడిగుడ్డ, రెండో చేతిలో నేను కిటికీలో పడేసిన ముక్క. సంఘపెద్ద ఒకాయన పక్కన నిలబడి చూస్తుండగా, దగ్గుకుంటూ వంగి ఒక్కో పలకా తుడిచి, ముక్క ఆనించి చూడటం మొదలుపెట్టాడు. ఐదు, ఆరు, ఏడు. పదకొండోదాని దగ్గర ఆగాడు. మళ్లీ తుడిచి చూశాడు. పన్నెండోదాని జోలికి పోలేదు. తలెత్తి నావైపు చూశాడు.

"అన్నీ ఒకటేగా?" అన్నాడు సంఘపెద్ద.

నాన్న ఒకటే అంటే ఊరంతా నమ్ముతుంది. ఇరవై ఏళ్లలో అబద్ధం చెప్పని మనిషికి నా వల్ల ఆ అవసరం వచ్చింది.

"కాదండీ," అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు. మళ్లీ అన్నాను. "నేను ముక్కతో చూడలేదు. పక్కదానితో పక్కది చూసుకుంటూ పోయాను. తప్పు నాదే. వీటిని వేయించొద్దు."

సంఘపెద్ద నాన్నవైపు తిరిగాడు. "మీ అమ్మాయి కన్ను తప్పదన్నావుగా?"

"తప్పిందండీ," అన్నాడు నాన్న. "మా అమ్మాయే చెప్పిందిగా."

ముక్క నా చేతిలో పెట్టి, మేస్త్రీ దగ్గర చెంబు అడిగి తెచ్చుకున్నాడు. పదకొండు నుంచి నలభై దాకా టిక్కులు నేను తుడుస్తుంటే, ఆయన ఒక్కోదాని మీదా నీళ్లు పోస్తూ నా వెంటే నడిచాడు.