రాయి కింద బొగ్గులు

శుక్రవారం పొద్దున ధూపదానిలో బొగ్గు రాజేసి సాంబ్రాణి చల్లగానే, ఆ పొగలో నాకు, నేను బాపు అని పిలిచే మా నాన్న పుస్తకం వాసన కూడా తగులుతుంది: ఎండిన వేపాకు, దీపం మసి, తడిసి ఆరిన మట్టి.

సిద్దిపేటకు దగ్గర్లోని మా ఊళ్ళో నేను బడికి పోలేదు. అక్షరాలు నేర్చింది బాపు తన సేద్యం సంగతులు రాసుకున్న ఆ పుస్తకంలోనే. మిరుగం, అదే మృగశిర కార్తె, నాటి వానకు మట్టి బెత్తెడు తడిసిందా జానెడు తడిసిందా, ఏ చెలకలో మక్కలు వేశాడు, ఎర్రావు ఏ పున్నమికి ఈనింది, అన్నీ అందులో ఉండేవి. వానాకాలం సాయంత్రాలు అవ్వ సర్వపిండి కాలుస్తుంటే, నువ్వులు చిటపటలాడే ఆ వేడి పక్కన కూర్చొని నేను పైకి చదివేదాన్ని. తప్పు చదివితే బాపు కోప్పడేవాడు కాదు, మర్నాడు ఆ చెలకకే తీసుకుపోయి చూపించేవాడు. అట్లాంటి గురువును ఇచ్చినందుకు దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

బాపు అన్న, మా పెద్దబాపు చేను మాకు ఆనుకునే ఉండేది. నడుమ హద్దురాయి, రాయికి మావైపు సీతాఫలం చెట్టు. దసరా ముందు కళ్ళు విచ్చిన కాయలు కోసి వడ్ల గుమ్మిలో దాస్తే, మూడోనాటికి ఇల్లంతా తియ్యటి వాసన. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక పొద్దున పోయి చూస్తే రాయి మా చేన్లోకి జరిగి ఉంది, చెట్టు అవతలికి పోయింది.

“నా చెట్టు ముట్టకు పొల్లా,” అన్నాడు పెద్దబాపు. బాపును చూసి నవ్వాడు. “నువ్వు రాసుకుంట కూసో తమ్మీ. చేను పుస్తకంల ఉంటదా?”

బాపు నా చెయ్యి పట్టుకొని వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి పాత పేజీ ఒకటి తీసి నాతో చదివించాడు: “ఇయ్యాల నాయిన, నేను హద్దురాయి పాతినం. కింద తట్టెడు బొగ్గులు పోసినం. బాయి దరి నుంచి తూర్పుకు నా చెప్పులతోని నూట పన్నెండు చెప్పులు. అన్న ఊర్ల లేడు.” బొగ్గు మట్టిలో మురగదు, చెదలు తినవు, అందుకే హద్దు కింద పోస్తారట.

“మరి తవ్వుదాం బాపూ!”

“నేనున్నన్ని దినాలు అన్న ఎదుట గడ్డపార ఎత్తను బిడ్డా.”

ఆ పేజీ కిందే కొత్తగా రాశాడు: “రాయి జరిగింది. బొగ్గులు జరగలే.”

పెద్దబాపు కళ్ళారా చూస్తుండగా ఆ బొగ్గులు బయటపడాలని దేవుడిని అడిగాను. ప్రతి శుక్రవారం అదే అడిగాను, పెళ్ళయి హుస్నాబాద్ పోయాక కూడా, బాపు చనిపోయాక కూడా.

నిరుడు సర్వేయరు చేన్లు కొలవడానికి వస్తున్నాడని తెలిసి, పుస్తకమూ బాపు తోలుచెప్పులూ సంచిలో పెట్టుకొని బస్సెక్కాను. చెట్టును ఎప్పుడో కొట్టించిన పెద్దబాపు ఆ మొద్దు మీదే కూర్చొని ఉన్నాడు.

“చెప్పులు పట్కొచ్చినవేందే, నన్ను కొడ్తవా?”

“కొలుస్త పెద్దబాపూ.”

మా చేని బావి దరి నుంచి ఒక చెప్పు ముందు ఇంకొకటి పెట్టుకుంటూ, గట్టిగా లెక్కపెడుతూ, జరిపిన రాయిని దాటాను, ఆయననూ దాటాను. సర్వేయరూ ఊరివాళ్ళూ చూస్తుండగా నూట పన్నెండు దగ్గర తవ్వించాను. మోకాలి లోతున మట్టి నల్లబడింది.

పిడికెడు బొగ్గులు తీసి ఆయన అరచేతిలో పోశాను. “మీ నాయిన పోసినయే. మంచిగ చూసుకో.”

ఆయన చెయ్యి ధోవతికి తుడుచుకున్నాడు. మసి ధోవతంతా పాకింది. అంతమందిలో వంగిన ఆ తలను చూడనిచ్చినందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. జాలిపడే మనసు ఇమ్మని మాత్రం అడగలేదు.

రాయి తన జాగకు తిరిగొచ్చింది. చెట్టు లేదు, గుమ్మిలో మాగే పండ్ల వాసన లేదు, వాన తడిని జానతో కొలిచి రాసే మనిషి లేడు. సగం బొగ్గులు మళ్ళీ రాయి కింద పోయించి, మిగతావి ఎండబెట్టి దాచుకున్నాను. బాపు చేను చూసుకుంటూ ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాను. పెద్దబాపు ఇల్లు మా ఎదురే. దాచినవాటిలోంచి శుక్రవారానికి ఒక్క బొగ్గే రాజేస్తాను, ఆ వైపు కిటికీ తెరిచిపెట్టి.