చిన్న అక్షరాల బావగారు

మా బావగారి ముందు "ఎక్కువ", "తక్కువ" అనే మాటలు అనకూడదు. అన్నారా, "దేనికంటే?" అని అడుగుతారు. మీరు మర్యాదకి ఏదో ఒకటి చెప్పారా, చంకలోంచి ఇటుకలాంటి పుస్తకం తీస్తారు. అది ప్రభుత్వం ఏటా అచ్చువేసే గణాంకాల సంచిక. అది తెరుచుకున్నదంటే మీరు ఎక్కాల్సిన బస్సు మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయినట్టే.

ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. ఆయన మా అక్క భర్త. కళ్ళద్దాల దుకాణం ఆయనది, కౌంటరు నాది. వచ్చినవాళ్ళకి ఫ్రేములు చూపించడం, ఆయన బారినుంచి వాళ్ళని కాపాడడం, రెండూ నా పనులే. మొదటిది వచ్చు. రెండోది ఇప్పటికీ పట్టుబడలేదు.

అన్ని కళ్ళద్దాల దుకాణాల్లోనూ గోడకి అక్షరాల అట్ట ఉంటుంది. పైన పెద్దవి, కిందికి పోనుపోను చిన్నవి. మా దుకాణంలోనూ ఉంది, దాని మీద దుమ్ము కూడా ఉంది. దగ్గరిచూపు అద్దాల కోసం వచ్చినవాళ్ళ చేతికి బావగారు సంచికే ఇస్తారు. పట్టిక అడుగున ఉన్న చిన్న అక్షరాలు చదవమంటారు. వాళ్ళు కళ్ళు చిట్లించుకుని, "ఈ అంకెలు తాత్కాలికం" అని చదువుతారు. చదివారు కదా, వదిలెయ్యొచ్చు. వదలరు. తాత్కాలికం అని ఎందుకు రాశారో తెలుసా అని అడుగుతారు. తెలియదంటే సంతోషిస్తారు. తెలుసంటే ఇంకా సంతోషిస్తారు. ఎటుచూసినా తప్పించుకునే దారి ఉండదు.

ఒకసారి ఒక దర్జీ వచ్చాడు, సూదిలో దారం ఎక్కడం లేదని. అద్దాలు పెట్టగానే అంకెలు చక్కగా కనబడ్డాయి. ఆ ఆనందంలో నోరుజారి, "మన జిల్లా మొత్తానికి గొర్రెలు నలభై రెండేనా అండీ" అన్నాడు. బావగారి ముఖం వెలిగిపోయింది. పట్టిక పైన, కుడివైపు మూలన ఏముందో చూడమన్నారు. "వేలల్లో" అని ఉంది. అంటే అవి నలభై రెండు గొర్రెలు కావు, నలభై రెండు వేలు. అంకె చూసేముందు నెత్తి చూడాలి, చూశాక అడుగు చూడాలి, ఆ రెండూ కుదిరాకే మధ్యలో ఉన్నదాన్ని నమ్మాలి. ఇది మా బావగారి సిద్ధాంతం. ఆ తర్వాత గొర్రెల్ని ఏ నెలలో లెక్కపెట్టారు, పిల్లల్ని కలిపారా లేదా అన్నదాకా వెళ్ళింది వ్యవహారం. దర్జీ పోతూపోతూ నా దగ్గర ఆగి, తనకి గొర్రెలతో ఏమీ పనిలేదని దీనంగా చెప్పుకున్నాడు. నాకు మాత్రం ఉందా?

ఇంట్లో ఆయన ధోరణి ఇంకా ఘోరం. వాళ్ళుండే ఇంటి కప్పు కారుతుంది. వాన పడితే అక్క ఉన్న గిన్నెలన్నీ గదుల్లో పరిచి, వంటకి గిన్నె లేక నాకు ఫోను చేస్తుంది. ఎంతో వెతగ్గా పక్క ఊళ్ళో మంచి ఇల్లు దొరికింది. గాలి, వెలుతురు, కారని కప్పు. అక్క మనసులో సామాను సర్దేసుకుంది కూడా. అంతలో ఇళ్ళ బ్రోకరు, అడగకుండానే, ఆ ఊళ్ళో దొంగతనాలు అసలు లేవన్నాడు. బావగారు చంకలోది తీశారు. ఆ ఊరి వరసలో దొంగతనాల గడిలో అంకె లేదు, మూడు చుక్కలున్నాయి. గీత ఉంటే లేవని అర్థమట. చుక్కలుంటే లెక్క అందలేదని అర్థమట. లేకపోవడం వేరు, తెలియకపోవడం వేరు అని బ్రోకరుకి గుమ్మంలోనే నిలబెట్టి బోధించారు. ఆ లెక్క ఎప్పుడు అందుతుందో కనుక్కుని రమ్మన్నారు కూడా. బ్రోకరు మళ్ళీ కనబడలేదు. అక్క ఇప్పటికీ గిన్నెలు పరుస్తూనే ఉంది.

కొత్త సంచిక వస్తే పాతది పారెయ్యాలి కదా. పారెయ్యరు. పోయినేడు వేసిన అంకెల్ని ఈ ఏడు దిద్దుతారు కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలట. అలా చూసుకోవాల్సినవి మంచం కిందంతా నిండిపోయాయి. మా అక్క ఆ పుస్తకాన్ని "మా సవతి" అనేది. సవతి అయితే ఒక మూల పడుండేది, ఇది ఏటా ఇంకొకర్ని తెస్తోందని కూడా అనేది.

అలాంటి అక్కకి ఒకరోజు డొక్కలో నొప్పి వచ్చింది. స్కానింగు తీస్తే పిత్తాశయంలో రాళ్ళున్నాయన్నారు. తీయించుకోవాలి, ఆలస్యం చేస్తే ప్రమాదం, జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రికి వెళ్ళండి అన్నాడు డాక్టరు. అక్క సరేనంది. తీరా మర్నాడు వెళ్ళాలనగా, మేము దుకాణం కట్టేసి వచ్చేసరికి వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో సంచిక తెరిచి ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దాన్ని తన చేత్తో తెరవడం అదే మొదటిసారి.

"నేను రాను. ఆసుపత్రుల్లో పోయినవాళ్ళ పట్టిక చూశాను. అన్ని ఆసుపత్రులకంటే ఎక్కువమంది అక్కడే పోయారు. మీ పుస్తకమే చెప్పింది" అంది.

ఎక్కువ అంది. నేను బావగారి వైపు చూశాను, ఇప్పుడు "దేనికంటే?" అంటారని. అనలేదు. పుస్తకం తీసుకున్నారు. ఒక పేజీ తిప్పారు, ఇంకొకటి తిప్పారు, పుస్తకం చేతిలోంచి జారి కింద పడింది. దర్జీలకి, బ్రోకర్లకి, బస్సులో పక్క సీటువాళ్ళకి గుక్కతిప్పుకోకుండా చెప్పే మనిషి, సొంత పెళ్ళాం ముందు నోరు పెగలక నిలబడిపోయారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళూ పనికిరాని చోటల్లా మాట్లాడి, సరిగ్గా కావాల్సినచోట మూగనోము పట్టారేమిటి?

చేసేదిలేక పుస్తకం నేనే తీశాను. ఆ పుస్తకమంటే నాకు ఎంత చిరాకైనా, ఏళ్ళ తరబడి చెవిలో పోసింది ఎక్కడికి పోతుంది? నెత్తి చూశాను. అడుగు చూశాను. చిన్న అక్షరాల్లో ఉంది: మరణం నమోదైన చోటును బట్టి, నివాసాన్ని బట్టి కాదు.

"అక్కా, చుట్టుపక్కల ఊళ్ళ డాక్టర్లు ఇక మా వల్ల కాదన్న రోగుల్నందర్నీ అక్కడికే పంపిస్తారు. మన దుకాణంలో విరిగిన కళ్ళద్దాలు బోలెడుంటాయి. అంటే మనం విరగ్గొడుతున్నామా?" అన్నాను.

నేను పక్క పేజీ తిప్పి, అక్కడ ఏటా ఎన్ని ఆపరేషన్లు చేస్తారో చూపించాను. ఆ తర్వాత ఆపరేషను అయ్యాక పోయినవాళ్ళని విడిగా ఇచ్చిన పట్టిక తీసి, దీన్ని దానితో భాగించాను. వెయ్యికి ముగ్గురు తేలారు. మిగతా ఆసుపత్రులకంటే అదే తక్కువ. అక్క నా చేతిలోంచి పుస్తకం తీసుకుని మూసేసింది.

"నీకెప్పుడు అంటుకుందే ఈ జబ్బు?" అని లేచి, సంచిలో బట్టలు సర్దుకుంది.

ఆసుపత్రిలో చేరిన సాయంత్రం బావగారు మందుల కోసం కిందికి వెళ్ళారు. నేను అక్క పక్కన కూర్చుని, ఈ మనిషితో ఎలా వేగావే ఇన్నాళ్ళూ అని కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కాను. ఇల్లు, బ్రోకరు, గిన్నెలు, ఏదీ వదల్లేదు. అక్క అంతా విని నవ్వింది. నువ్వప్పుడు చిన్నపిల్లవి, నీకు తెలియదంది.

పెళ్ళైన కొత్తలో అక్కకి అన్నీ భయాలేనట. ఉరిమితే మంచం కింద దూరేదట. రైలు వంతెన మీదికి వస్తే కళ్ళు మూసుకునేదట. వీధిలో కుక్క కనబడితే ఆ రోజుకి ఇంట్లోనే. ఆయన రావడం కాస్త ఆలస్యమైతే వీధి గుమ్మంలో నిలబడి ఏడ్చేదట. ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్ళు. అత్తగారు విసుక్కునేది.

"ఈయన నవ్వలేదే. భయపడకు అని కూడా అనలేదు. ఎక్కడో పాత పుస్తకాల కొట్లో ఈ సంచిక కొనుక్కొచ్చి, పిడుగుల పట్టిక తీసి, నాతోపాటు మంచం కిందికి దూరి చదివారు. ఇంతమంది జనంలో పోయినవాళ్ళు ఇంతే, నీ వంతు రావాలంటే నీ ముందు బోలెడంత వరస ఉంది, పైకొచ్చి పడుకో అన్నారు" అని చెప్పింది అక్క.

ఆ తర్వాత కొత్త భయం పుట్టినప్పుడల్లా ఆయన కొత్త పట్టిక వెతికేవారట. రైళ్ళు, కుక్కలు, వంతెనలు. ఏటేటా అంకెలు మారతాయి కాబట్టి ఏటేటా కొత్త సంచిక. అందరూ ఆయనకి లెక్కలంటే పిచ్చి అనుకుంటారు గానీ, చదువుకునే రోజుల్లో ఆయన తప్పింది లెక్కల్లోనేనట. ఆ చిన్న అక్షరాలన్నీ అక్క కోసం, గుమాస్తాల్నీ మాస్టర్లనీ అడిగి అడిగి నేర్చుకున్నవే. తర్వాత భయాలు పోయాయి. అలవాటు ఉండిపోయింది.

అంతలో ఆయన మందులతో వచ్చి, మందుల కొట్టువాడు ఏదో "చాలా" అన్నాడని, ఎంతో చెప్పలేకపోయాడని ఫిర్యాదు చేశారు. మళ్ళీ చిరాకు వచ్చేసింది. అదొక ఊరట.

మర్నాడు పొద్దున్నే అక్కని లోపలికి తీసుకెళ్ళారు. బావగారు బల్ల మీద, మూసిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఓదారుద్దామని, వెయ్యికి ముగ్గురే కదా బావగారూ అన్నాను.

"ఆ ముగ్గురూ ఎవరో ఇందులో రాయరమ్మా" అన్నారు ఆయన.

తలుపు తెరుచుకుని, అంతా బాగానే జరిగిందని నర్సు చెప్పేదాకా ఇద్దరం ఆ తలుపునే చూస్తూ కూర్చున్నాం. అక్క కళ్ళు తెరిచి, ఈయన ఏమైనా తిన్నారా అని అడిగింది. తినలేదు. చివాట్లు పడ్డాయి, నాకు.

అక్కని ఇంటికి పంపించేస్తున్నామని చెప్పిన రోజున టాక్సీ వచ్చి కింద ఆగింది. సంచులు దింపాను. అక్కని మెల్లగా వరండాలోకి నడిపించుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టాను. టాక్సీవాడు హారను మోగిస్తున్నాడు. బావగారు లేరు. తిట్టుకుంటూ వెతుక్కుంటూ వెళ్తే పక్క వార్డులో దొరికారు.

అక్కడ ఒకావిడని ఆపరేషనుకి తీసుకెళ్ళి కాసేపే అయింది. ఆవిడ భర్త ఖాళీ మంచం పట్టుకుని నిలబడి ఉన్నాడు, ముఖంలో నెత్తుటిచుక్క లేదు. పక్కన బావగారు, చేతిలో సంచిక. లెక్క అంతా అప్పటికే చెప్పేసినట్టున్నారు. ఆ మనిషి, "అయితే మా ఆవిడ ఆ మిగతా వాళ్ళలోనే ఉంటుందంటారా?" అని అడిగాడు.

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. అంకెలో లేనిది అరక్షరం ఎక్కువ చెప్పని మనిషి ఏమంటారా అని.

"ఉంటుంది. ఇదిగో, ఇక్కడ వేశారు" అని ఒక పేజీ తీసి, ఒక గడి మీద గట్టిగా వేలు పెట్టారు బావగారు.

ఆ మనిషి పేజీని దగ్గరికి తెచ్చుకున్నాడు, దూరం పెట్టాడు, కళ్ళు చిట్లించాడు. అక్షరాలు ఆనడం లేదన్నాడు. ఆవిడ లేచాక ఇద్దరూ కలిసి మా దుకాణానికి రండి, అద్దాలు చేసిపెడతాను, అప్పుడు మీరే చదువుకుందురుగాని అన్నారు బావగారు. ఆ మనిషి తలూపి, మంచం వదిలి, కుర్చీలో కూర్చున్నాడు. ముఖంలోకి కాస్త రంగు వచ్చింది.

నేను బావగారి వెనక నిలబడి ఆ పేజీ చూశాను. నాకు అక్షరాలు బాగానే ఆనతాయి. నెత్తి చదివాను, అడుగు చదివాను. చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి, టాక్సీవాణ్ణి ఇంకాసేపు ఆగమని బతిమాలి, వచ్చి అక్క పక్కన కూర్చున్నాను.

"ఏం చేస్తున్నారే ఆయన అక్కడ?" అంది అక్క.

"చేపలు లెక్కపెడుతున్నారు. సముద్రపువి. టన్నుల్లో" అన్నాను.